విదేశాల్లో మనవాళ్లంటే పడదంటున్న సర్వేని ఎలా చదవాలి?

స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాను. పిల్లల్ని పైచదువులకు పంపే మా కాలనీవాళ్లు వాట్సాప్‌లో వచ్చిన అంకె పట్టుకుని నా దగ్గరికొస్తుంటారు. "మాస్టారూ, ఆస్ట్రేలియాలో సగం మందికి మనమంటే గిట్టదట, నిజమేనా?"

ముందు ఆ అంకె ఏ ప్రశ్నకు జవాబో వెతకండి. ఆస్ట్రేలియాలో స్కాన్లన్ ఫౌండేషన్ ఏటా సర్వే చేస్తుంది. వలసలు మరీ ఎక్కువయ్యాయన్నవాళ్లు 2023లో 33 శాతం, 2024లో 49 శాతం. ఫోన్లలో తిరిగేది ఈ ముక్కే. అదే 2024 సర్వేలో, రకరకాల సంస్కృతులవాళ్లు కలిసి ఉండటం దేశానికి మంచిదేనన్నవాళ్లు 85 శాతం! రెంటికీ పొంతన లేదనిపిస్తుంది గానీ, ఉంది. మొదటి ప్రశ్న ఎంతమంది రావాలన్నది. రెండోది వచ్చినవాళ్లతో ఎలా ఉంటారన్నది. ఇంటి అద్దెలు మండిపోతుంటే మొదటి అంకె ఎగబాకుతుంది. అక్కడ అద్దె కడుతున్న మన పిల్లల్ని అడిగినా 'ఇక చాలు' అంటారేమో.

తర్వాత తేదీ చూడండి. అమెరికాలో గాలప్ అనే సర్వే సంస్థ లెక్క ప్రకారం వలసలు తగ్గించాలన్నవాళ్లు 2024లో 55 శాతం, 2025లో 30 శాతమే. ఈలోగా సరిహద్దు దాటేవాళ్లు తగ్గారు, ప్రభుత్వం కరుకుగా మారింది. జనం అటునుంచి ఇటు జరిగారు. అందుకే ఒక్క ఏడాది అంకెతో దేశాన్ని తూచకండి. కనీసం ఐదేళ్లవి వరసగా పెట్టుకోండి.

దేశం పేరు దగ్గరే ఆగిపోకుండా ఊరు కూడా చూడండి. యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో ఉండాలా, బయటికి పోవాలా అని బ్రిటన్‌లో 2016లో బ్రెగ్జిట్ ఓటింగు జరిగింది. వలసలే పెద్ద గొడవైన ఆ ఓటింగులో, వలసవాళ్లతో నిండిన లండన్ ఈయూలోనే ఉందామంది. ఇంగ్లండులోనే లింకన్‌షైర్‌లో ఉన్న బోస్టన్ అనే ఊళ్లో మాత్రం నూటికి 75 మందికి పైగా బయటికి పోదామన్నారు. అది కూరగాయల పొలాల ఊరు. 2004 తర్వాత తూర్పు యూరప్ కూలీలు కొద్ది ఏళ్లలోనే బిలబిలా దిగారు. ఊరు ఎంత వేగంగా మారిందన్నది అక్కడ కీలకం.

ఒంటిమీద దెబ్బ పడుతుందా లేదా అన్నది ఇలాంటి అభిప్రాయ సర్వేలు చెప్పవు. 2017లో కాన్సస్‌లోని ఒలేతా బార్లో మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపినవాడూ అమెరికనే, అడ్డం వెళ్లి తూటా తిన్నవాడూ అమెరికనే. దీనికి అక్కడి పోలీసుల విద్వేష నేరాల లెక్కలు చూడండి, సీనియర్లకు ఫోన్ చేయండి. "బాగుందా?" అని అడిగితే లాభం లేదు. "రాత్రి షిఫ్ట్ అయ్యాక రూముకి ఎలా వెళ్తావు? 'మీకు ఇల్లు అద్దెకివ్వం' అని ఎవరైనా అన్నారా?" అని అడగండి. ఫోను మాత్రం స్పీకర్లో పెట్టకండి. పెద్దవాళ్లు వింటున్నారని తెలిస్తే ఏ పిల్లాడైనా "అంతా బాగుంది ఆంటీ" అనే అంటాడు.