కుక్క ముక్కుకు పని పెట్టండి

ఫ్లాట్‌లో పెరిగే కుక్క చెప్పులు కొరుకుతున్నా, ఊరికే మొరుగుతున్నా చాలాసార్లు అది అల్లరి కాదు, పాపం ఏమీ తోచక. రోజూ గిన్నెలో పోసే తిండినే ఆటగా మార్చి చూడండి. పాత తువ్వాలు పరిచి, గుప్పెడు డాగ్ ఫుడ్ చల్లి, చాపలా చుట్టి దాని ముందు పెట్టండి. ముక్కుతో తోసి, కాలితో గీరి, మడత విప్పుకుంటూ ఒక్కో గింజా ఏరుకుంటుంది. గబగబా మింగేసే కుక్కలకు ఇది మరీ మంచిది. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు 60 లక్షలైతే, కుక్కకు 10 కోట్లకు పైనే. అందుకే వాసన పట్టి వెతకడం దాని మెదడుకు మేత. కాసేపు వెతికాక హాయిగా పడుకుంటుంది.

మొదట్లో వదులుగా చుట్టండి, మరీ కష్టమైతే విసుగొచ్చి వదిలేస్తుంది. గుడ్డ నమిలే అలవాటుంటే మాత్రం పక్కనే ఉండండి. పీలికలు మింగితే పేగుల్లో అడ్డుపడతాయి. ఎండుద్రాక్ష, చాక్లెట్ అస్సలు పెట్టొద్దు, కుక్కలకు అవి విషం.

వాకింగ్‌లో కూడా అది స్తంభం దగ్గర ఆగి వాసన చూస్తుంటే గొలుసు లాగకండి, తనివితీరా చూడనివ్వండి.