మూడు వరసల ఎస్‌యూవీ కొనాలంటే వెనక సీటు నుంచి మొదలుపెట్టండి

షోరూంకి వెళ్లగానే అందరం చేసేది ఒకటే, డ్రైవర్ డోర్ తీసి ఎక్కి కూర్చుని స్టీరింగ్ పట్టుకుని, ఆ పెద్ద స్క్రీన్ మీద వేలితో అటూ ఇటూ జరిపి, సన్‌రూఫ్ ఓసారి తెరిచి మూసి, బాగుందే అనుకుని దిగిపోతాం. మూడు వరసల బండికి ఈ పద్ధతి అస్సలు పనికిరాదు. 5 సీటర్ కాదని ఆ పొడుగు, ఆ బరువు, ఆ డబ్బు ఎక్కువ పెట్టేదే చివరి వరస కోసం కదా, మరి దాన్ని చివర్లో తల లోపలికి పెట్టి తొంగి చూసి వదిలేస్తే ఎలా? వెనక నుంచి ముందుకి రండి. మూడో వరస పాసైతే రెండోది చూడండి, అది కూడా పాసైతే అప్పుడు స్టీరింగ్ దగ్గరికెళ్లండి.

అయితే అసలు బయల్దేరకముందే ఇంట్లో తేల్చుకోవాల్సింది ఒకటుంది, ఆ వెనక ఎవరు కూర్చుంటారు, ఎంత తరచుగా, ఎంతసేపు అని. "ఎప్పుడైనా చుట్టాలొస్తే పనికొస్తుంది" అనేది జవాబు కాదు, అలా అనుకుని కొన్నవాళ్ల బండ్లలో మూడో వరస ఎప్పుడూ మడిచే ఉంటుంది. ఎప్పుడో ఓసారి, అదీ ఊళ్లోనే అరగంట అంటే దాదాపు ఏ 7 సీటరైనా సరిపోతుంది. పిల్లలు రోజూ వెనక కూర్చోవాలంటే అది వేరే లెక్క. పెద్దవాళ్లు వెనక కూర్చుని నాలుగైదు గంటలు ప్రయాణం చేయాలి, అది కూడా తరచుగా అంటే మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను, ముందు కియా కార్నివాల్, టొయోటా సియెన్నా లాంటి స్లైడింగ్ డోర్ల వ్యాన్ టైపు బండ్లు చూడండి. ఎస్‌యూవీ అంత దర్జాగా ఉండవు, ఒప్పుకుంటా, కానీ ఫ్లోర్ కిందకి ఉంటుంది, రూఫ్ వెనకదాకా ఎత్తుగానే ఉంటుంది, ఇరుకు పార్కింగ్‌లో డోర్ తీస్తే పక్క బండికి తగలదు. అవి చూశాక కూడా ఎస్‌యూవీయే కావాలంటే అప్పుడు హాయిగా కొనుక్కోండి, కనీసం ఏం వదులుకుంటున్నారో తెలుస్తుంది.

ఇప్పుడు టెస్ట్ ఎలా చేయాలంటే, షోరూం వాళ్లు మూడో వరస చూపించేటప్పుడు రెండో వరసని పూర్తిగా ముందుకి జరిపేసి "చూడండి సార్ ఎంత ప్లేసుందో" అంటారు. మీరు దాన్ని ముందు సరిచేయించండి. ఇంట్లో పొడుగ్గా ఉన్నవాళ్లు డ్రైవర్ సీట్లో కూర్చుని వాళ్లకి కావాల్సినంత వెనక్కి జరుపుకోవాలి, వాళ్ల వెనక ఇంకో పెద్దవాళ్లు రెండో వరసలో మోకాళ్లు తగలకుండా సర్దుకోవాలి, అప్పుడు ఆ సీట్లని అలాగే ఉంచి మూడో వరసలోకి ఎక్కండి. ఇక్కడే చాలా బండ్ల గుట్టు బయటపడుతుంది.

కూర్చున్నాక మోకాళ్ల ముందు ఎంత ఖాళీ ఉందని ఒక్కటే చూడకండి, తొడ కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి సులువుగా దూరిపోయిందంటే తొడకి సీటు ఆనట్లేదని అర్థం, మోకాళ్లు పైకి లేచి బరువంతా పిరుదుల మీదే పడుతోంది, అలా గంట కూర్చుంటే నడుం పట్టేస్తుంది. సీటు మరీ తక్కువ ఎత్తులో ఉండటం వల్ల కాదు, ఫ్లోర్ ఎత్తుగా ఉండటం వల్ల వచ్చే తంటా ఇది. లాడర్ ఫ్రేమ్ మీద కట్టిన బండ్లలో ఆ ఇనప ఫ్రేమ్, దాని కింద పైకీ కిందకీ ఆడే వెనక యాక్సిల్, వీటన్నిటికీ చోటు కావాలి కాబట్టి ఫ్లోర్ పైకి వస్తుంది. వేరే ఫ్రేమ్ లేకుండా బాడీయే ఫ్రేమ్ పని చేసే కారు తరహా మోనోకాక్ బండ్లలో ఈ ఇబ్బంది కొంచెం తక్కువ. ఎలక్ట్రిక్ వాటిల్లో బ్యాటరీ ఫ్లోర్ కిందే ఉంటుంది కాబట్టి ఇదే టెస్ట్ రెండో వరసలో కూడా చేయండి.

అలాగే కూర్చునే ఇంకొన్ని చూసేయండి. ముందు సీటు కిందకి పాదాలు దూరుతున్నాయా, హెడ్‌రెస్ట్ పైకి లాగితే తల వెనకదాకా వస్తోందా లేక మెడ దగ్గరే ఆగిపోతోందా, తలకీ వెనక అద్దానికీ మధ్య ఎంత దూరముంది. ఏసీ వెంట్స్ ఉన్నాయా అని అడిగితే అందరూ ఉన్నాయనే చెప్తారు, కానీ కొన్నిట్లో వెనక్కి వేరే ఎవాపరేటర్, అంటే గాలిని చల్లబరిచే భాగం, ఉండి చల్లగాలే వస్తుంది, కొన్నిట్లో ఫ్యాన్ మాత్రమే ఉండి ముందునుంచి వచ్చిన గాలినే తిప్పుతుంది, ఎండలో నిలిపిన బండిలో పది నిమిషాలు వెనక కూర్చుంటే తేడా మీకే తెలిసిపోతుంది. కప్ హోల్డర్లు, చార్జింగ్ పోర్టులు ఎలాగూ బ్రోషర్లో ఉంటాయి, వాటికోసం టైం వేస్ట్ చేయకండి.

ఇక ఎక్కడం దిగడం. చంటిపిల్లలున్న ఇళ్లలో గొడవంతా ఇక్కడే. రెండో వరసలో చైల్డ్ సీట్ బిగించి ఉంటే, మొత్తం మడిచి ముందుకి దొర్లించే టైపు సీటు ఇంక కదలదు, మూడో వరసకి దారి మూసుకున్నట్టే. కొన్ని మోడళ్లలో సీటు మడవకుండా, ఖాళీ చైల్డ్ సీట్ అలా ఉండగానే ముందుకి వాలి జరుగుతుంది, మీకు కావాల్సింది అది. లేదంటే మధ్యలో నడిచే దారి ఉండే కెప్టెన్ సీట్లు, కాకపోతే ఒక సీటు పోతుంది, 7 కాస్తా 6 అవుతుంది, నిద్రపోయే పిల్లాణ్ణి అడ్డంగా పడుకోబెట్టడానికీ కుదరదు. మీ చైల్డ్ సీట్ షోరూంకి తీసుకెళ్లి బిగించి చూడండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. చైల్డ్ సీట్ తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు మామూలుగా రెండో వరసలో అటూ ఇటూ చివర రెండు సీట్లకే ఉంటాయి, మూడో వరసలో ఉన్నాయో లేదో సీటు సందులో చెయ్యి పెట్టి వెతకండి. ఇంకోటి, మూడో వరసలో కూర్చున్నవాళ్లు బయటి సాయం లేకుండా రెండో వరస సీటుని ముందుకి జరుపుకుని దిగగలగాలి, ఆ లివర్ వాళ్ల చేతికి అందుతుందో లేదో పిల్లలతోనే చేయించి చూడండి.

సేఫ్టీ విషయంలో క్రాష్ టెస్టుల్లో ఇచ్చే స్టార్లు చూసి ఆగిపోవద్దు. క్రాష్ టెస్టుల్లో డమ్మీలని ముందు సీట్లలో, రెండో వరసలో పెడతారు, మూడో వరస గురించి ఆ స్టార్లు నేరుగా చెప్పేది చాలా తక్కువ. పైగా రూల్స్ ఎప్పటికప్పుడు కఠినం చేస్తుంటారు, అంచేత 5 స్టార్లు ఏ సంవత్సరం టెస్టులో వచ్చాయో కూడా చూడాలి. మీరు అడగాల్సింది కిటికీల మీదుగా తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్స్ చివరి కిటికీ దాకా వస్తాయా, వెనక సీట్లకి బెల్ట్ రిమైండర్ ఉందా, అన్ని సీట్లకీ మూడు పాయింట్ల బెల్టేనా అని. ఆ బెల్టు వోల్వోలో నిల్స్ బోలిన్ అనే ఇంజనీర్ 1959లోనే తెచ్చాడండి, ఇన్నేళ్ల తర్వాత కూడా మధ్య సీటుకి నడుం మీద పట్టీ ఒక్కటే ఇచ్చిన బండి కనిపిస్తే దాన్ని వదిలేయండి.

డిక్కీ గురించి బ్రోషర్లో పెద్ద అక్షరాలతో వేసే లీటర్లు సీట్లన్నీ మడిచినప్పటివి. మీకు కావాల్సింది మూడు వరసలూ లేపి ఉన్నప్పుడు మిగిలేది. 55 x 40 x 20 సెంటీమీటర్ల క్యాబిన్ సూట్‌కేస్ ఒకటి 44 లీటర్లు, ఆ లెక్కన 200 లీటర్ల డిక్కీలో నాలుగు పట్టాలి కానీ పట్టవు, ఎందుకంటే ఆ చోటు సన్నగా నిలువుగా ఉంటుంది, సూట్‌కేస్ పడుకోబెడితే డోర్ పడదు. సూట్‌కేసో పిల్లల బండో పట్టుకెళ్లి పెట్టి డోర్ వేసి చూడటమే. మూడో వరస 50:50, అంటే సగం సగంగా విడివిడిగా మడిచే రకమైతే ఆరుగురు, కాస్త ఎక్కువ సామాను అనే మధ్యేమార్గం దొరుకుతుంది. స్టెపినీ ఉందా, లేక పంక్చర్ కిట్ చేతిలో పెడుతున్నారా అనేది కూడా అప్పుడే అడిగేయండి.

ఎవరూ చూడనిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, పేలోడ్, అంటే బండి మోయగల బరువు. సీట్లు ఏడున్నాయి కాబట్టి ఏడుగురూ వాళ్ల సామానూ ఎక్కొచ్చు అనుకుంటాం, బండి అలా అనుకోదు. ప్రతి బండికీ లోడుతో కలిపి ఇంత బరువు దాటకూడదని ఒక పరిమితి ఉంటుంది, మామూలుగా డోర్ దగ్గరి పిల్లర్ మీద ప్లేట్‌పైనో స్టిక్కర్‌పైనో రాసి ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి. ఉదాహరణకి పరిమితి 2,550 కేజీలు, ఖాళీ బండి 1,980 అనుకుందాం, మిగిలింది 570. ఏడుగురు సగటున 70 కేజీల చొప్పున 490, ఇక సామానుకి మిగిలేది 80 కేజీలే. రూఫ్ మీద కట్టేది కూడా ఇందులోకే వస్తుంది, దానికి మళ్లీ వేరే పరిమితి, సాధారణంగా 75 నుంచి 100 కేజీలు, క్యారియర్ బరువు కూడా కలిపి. ఇది దాటితే బ్రేక్ వేసినప్పుడు బండి ఆగే దూరం పెరుగుతుంది, టైర్లు వేడెక్కుతాయి. ఫుల్ లోడుకి టైర్ ప్రెజర్ కూడా వేరే ఉంటుంది, గాలి పట్టించేటప్పుడు స్టిక్కర్ మీద ఫుల్ లోడుకి రాసిన నంబర్ చూడండి.

అందుకే టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లకండి, ఇంటిల్లిపాదీ ఎక్కండి. ఒక్కరే ఉన్నప్పుడు జూమ్మని పోయిన బండి ఏడుగురితో ఎత్తు ఎక్కమంటే ఆయాసపడుతుంది. కొంతసేపు మీరు వెనక కూర్చుని ఇంకొకళ్లని నడపమనండి, చాలా బండ్లలో చివరి సీటు యాక్సిల్ మీదో ఇంకా వెనకో ఉంటుంది, స్పీడ్ బ్రేకర్ దెబ్బ అక్కడ తెలిసినట్టు ముందు తెలీదు. కడుపులో తిప్పే పిల్లలుంటే వాళ్లని కూడా వెనక కూర్చోబెట్టి చూడాల్సిందే.

ఇంజిన్ సంగతి తొందరగా చెప్పేస్తా. ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిరిగేవాళ్లకి డీజిల్ వద్దు, ఎగ్జాస్ట్‌లో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది వేడెక్కి శుభ్రపడాలంటే బండి ఆపకుండా కాస్త దూరం పోవాలి, లేకపోతే పూడుకుపోతుంది. ట్రాఫిక్‌లో ఎక్కువ తిరిగితే ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండే హైబ్రిడ్ మేలు. కరెంటు ప్లగ్‌తో చార్జ్ చేసుకునే ప్లగిన్ హైబ్రిడ్ అయితే సీట్లు లెక్కపెట్టుకోండి, స్కోడా కొడియాక్ లాంటి వాటిల్లో పెట్రోల్ వేరియంట్‌కి 7 సీట్లు దొరుకుతాయి కానీ ప్లగిన్‌కి 5 సీట్లే, బ్యాటరీ పెట్టాలి కదా మరి. బురదలో, మంచులో తిరిగే పని లేకపోతే ఆల్ వీల్ డ్రైవ్‌కి ఎక్కువ పెట్టడం అనవసరం అని నా అభిప్రాయం.

సెకండ్ హ్యాండ్ అయితే మూడో వరసని నాలుగైదు సార్లు లేపి మడిచి చూడండి, ఎప్పుడూ వాడని సీట్ల లాక్‌లు బిగుసుకుపోయి ఉంటాయి. వెనక ఏసీ విడిగా ఆన్ చేసి చూడండి. టైర్ పక్కన డాట్ (DOT) అని ఉన్న కోడ్‌లో చివరి నాలుగు అంకెలు ఎప్పుడు తయారైందో చెప్తాయి, 2319 అంటే 2019లో 23వ వారం. పైకి పట్టు బాగానే కనిపించినా పాతబడిన టైర్లతో ఏడుగురిని ఎక్కించుకోవద్దు, కొత్త టైర్ల ఖర్చు బేరంలోనే తగ్గించమనండి.