వైద్య విద్య వైవాల్లో (మౌఖిక పరీక్షల్లో) పరీక్షకులపై పనిభారం మితిమీరకుండా ఏర్పాట్లు చేయడం ఎలా?

వార్షిక పరీక్షల రోజుల్లో వైద్య కళాశాలలో విద్యార్థుల ఆందోళన గురించి అందరూ మాట్లాడతారు గానీ, బల్లకు అవతలి వైపు కూర్చున్న పరీక్షకుల అలసట ఎవరి లెక్కలోకీ రాదు. ఉదయం తొమ్మిదిన్నరకు మొదటి విద్యార్థి తడబడితే ఓపికగా ప్రశ్నను మార్చి అడిగిన ప్రొఫెసరే, సాయంత్రం నాలుగున్నరకు ముప్ఫై అయిదో విద్యార్థి సమాధానం సగంలో ఉండగానే తల ఊపి పంపించేయడం చాలాసార్లు చూశాను. హాల్ టికెట్ నంబరు చివర్లో పడిందన్న కారణంగా ఏ విద్యార్థీ నష్టపోకూడదు. విభాగాధిపతులు, పరీక్ష సమన్వయకర్తలు, తొలిసారి పరీక్షకులుగా వెళ్తున్న అధ్యాపకులు ముందుగా చేసుకోదగిన ఏర్పాట్లు ఇవి.

1. తేదీలు ఖరారు చేసే ముందు నిమిషాలు లెక్క వేయాలి

ఎంబీబీఎస్ నిబంధనల్లో చాలా ఏళ్లుగా ఒక లెక్క ఉంది. 100 మంది విద్యార్థులకు కనీసం నలుగురు పరీక్షకులు ఉండాలి. వారిలో సగానికి తగ్గకుండా బయటి కళాశాలల వారై ఉండాలి. 100 దాటిన తరువాత ప్రతి 50 మందికి లేదా అందులో కొంత భాగానికి మరో ఇద్దరు చేరాలి. అంటే 150 సీట్ల కళాశాలకు ఆరుగురు వస్తారు. సంఖ్య సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ, అసలు భారం ఎంతో తెలియాలంటే ఆ ఆరుగురినీ బల్లల దగ్గర కూర్చోబెట్టి చూడాలి.

ఇద్దరిద్దరు చొప్పున మూడు బల్లలు వేసి, ప్రతి విద్యార్థీ మూడు బల్లల దగ్గరకూ వెళ్లాలని నిర్ణయించారనుకుందాం. ఒక్కో బల్ల దగ్గర పది నిమిషాల వైవా, మార్కులు వేయడానికి ఒక నిమిషం, విద్యార్థి లేచి మరొకరు వచ్చి కూర్చోవడానికి ఇంకో నిమిషం కలిపితే మనిషికి 12 నిమిషాలు పడతాయి. పరీక్షను అయిదు రోజులకు పంచితే రోజుకు 30 మంది, అంటే ఆరు గంటల పని. భోజనానికి 45 నిమిషాలు, రెండు టీ విరామాలకు చెరో 15 నిమిషాలు కలిపితే తొమ్మిదింటికి మొదలైన పరీక్ష నాలుగుంబావుకు ముగుస్తుంది. అదే పరీక్షను మూడు రోజుల్లో ముగించాలనుకుంటే రోజుకు 50 మంది, విరామాలు తీసేసినా పది గంటలు. అన్ని గంటలు ఎవరూ కూర్చోరు కాబట్టి ఆచరణలో పది నిమిషాల వైవా నాలుగు నిమిషాలకు కుదించుకుపోతుంది, దాని ఫలితం మార్కుల జాబితాలో వరుసగా ఒకే అంకెగా కనిపిస్తుంది. రోజుకు ఎంతమంది అన్న నిర్ణయమే మిగిలిన ఏర్పాట్లన్నిటికీ పునాది కాబట్టి, ఈ లెక్కను కాగితం మీద వేసి, తేదీలు ఖరారయ్యేలోపే విశ్వవిద్యాలయానికి పంపాలి.

2. ప్రశ్నలను ముందే కార్డుల మీద రాసి పెట్టుకోవాలి

అనాటమీ వైవాలో బల్ల మీద ఒక తొడ ఎముక ఉంటుంది. ఉదయం నుంచి అది ఇరవై చేతులు మారుతుంది, కుడిదా ఎడమదా అన్న ప్రశ్న ఇరవై సార్లు వినబడుతుంది. ఇరవై ఒకటో విద్యార్థి దాన్ని చేతిలోకి తీసుకునే సమయానికి, పోషక ధమని గురించి ఇతన్ని అడిగామా లేక ఇంతకుముందు వెళ్లిన అమ్మాయిని అడిగామా అన్నది పరీక్షకుడికే గుర్తుండదు. చెప్పిన సమాధానాన్ని తూచడం, తరువాతి ప్రశ్నను వెతుక్కోవడం, అడిగినవి గుర్తుపెట్టుకోవడం అనే మూడు పనులు ఒకేసారి చేయవలసి రావడమే వైవాలో మెదడును అలసగొట్టే అసలు భారం.

అందుకని ప్రతి బల్లకూ కనీసం ఎనిమిది కార్డులు తయారు చేయాలి. ఒక్కో కార్డు మీద తేలికైన ప్రశ్న ఒకటి, అన్వయించి చెప్పవలసినవి రెండు, బాగా చదివినవారిని గుర్తించేది ఒకటి, వాటి కింద రావలసిన ముఖ్యాంశాలు, ఏ అంశానికి ఎన్ని మార్కులో ఉండాలి. విద్యార్థి ఒక కార్డు తీసుకున్నాక పరీక్షకుడి దృష్టి అంతా సమాధానం మీదే ఉంటుంది. కార్డులు పెడితే వైవాలో జీవం పోతుందని కొందరు పెద్దలు అంటారు. వారి అభ్యంతరాన్ని గౌరవిస్తూనే చెబుతున్నాను: కార్డులోని ప్రశ్నలు అయ్యాక చివరి రెండు నిమిషాలు పరీక్షకుడి ఇష్టానికి వదిలేస్తే ఆ జీవమూ మిగులుతుంది, అందరికీ ఒకే కొలతా ఉంటుంది.

3. నేరుగా జరిగే పరీక్షలో పరీక్షకుడి చేత వేరే పనులు చేయించకూడదు

విద్యార్థిని పిలవడం, హాల్ టికెట్ సరిచూడడం, రికార్డు పుస్తకం వెతకడం, స్పాటర్లు (విద్యార్థులు గుర్తుపట్టడానికి బల్ల మీద ఉంచే నమూనాలు) మార్చడం, గంట కొట్టడం వంటివన్నీ ఒక ట్యూటర్, ఒక అటెండర్ చూసుకోవాలి. బయట కుర్చీల్లో ఎప్పుడూ ఇద్దరు విద్యార్థులు సిద్ధంగా ఉండాలి. క్లినికల్ సబ్జెక్టులలోనైతే లాంగ్ కేసు (ఒక రోగిని వివరంగా పరీక్షించి చెప్పడం), షార్ట్ కేసు (క్లుప్తంగా పరీక్షించి చెప్పడం)లకు రోగులను ముందురోజే ఎంపిక చేసి, వారి అంగీకారం తీసుకుని, అదనంగా ఇద్దరు ముగ్గురిని చూసి పెట్టుకోవాలి. పరీక్ష మధ్యలో రోగి డిశ్చార్జి అయి వెళ్లిపోయారని తెలిసి పరీక్షకులే వార్డుల వెంట తిరగవలసిన స్థితి రాకూడదు.

వరుస విషయంలో ఒక చిన్న మార్పు చాలా మేలు చేస్తుంది. మొదటి బల్ల దగ్గర ఆ రోజు జాబితాను మొదటి నుంచి, రెండో బల్ల దగ్గర మధ్య నుంచి, మూడో బల్ల దగ్గర చివరి నుంచి ప్రారంభించాలి. ఇద్దరికి ఒకే సమయం పడిన చోట వరుసను ఒక స్థానం జరిపితే సరిపోతుంది. అప్పుడు ఏ విద్యార్థీ మూడు చోట్లా అలసిపోయిన పరీక్షకుల ముందే కూర్చోవలసిన అవసరం రాదు.

విరామం కూడా కాలపట్టికలో భాగమే. మన తెలుగు డాక్టర్లు ఎందరో రాసే బ్రిటన్ రాయల్ కాలేజీల పేసెస్ అనే క్లినికల్ పరీక్షలో అభ్యర్థి అయిదు స్టేషన్ల గుండా వెళ్తాడు, ఒక్కో స్టేషన్‌కు 20 నిమిషాలు, స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య అయిదు నిమిషాల ఖాళీ ఉంటుంది. మన దగ్గర అంత వెసులుబాటు లేకపోయినా, ప్రతి ఎనిమిది మంది తరువాత పది నిమిషాలు లేచి నడవగలిగేలా చూడాలి. టీ బల్ల దగ్గరకే తెప్పించి పరీక్ష సాగించడం విరామం కాదు.

4. ఆన్‌లైన్ పరీక్షకు వేరే లెక్క వేయాలి

2020లో కొవిడ్ వల్ల ప్రయాణాలు ఆగిపోయినప్పుడు పీజీ పరీక్షలలో బయటి పరీక్షకులు వీడియో ద్వారా పాల్గొనడానికి వీలు కల్పించారు. అప్పటి నుంచి ఆన్‌లైన్ అంటే పరీక్షకుడికి సుఖమన్న అభిప్రాయం స్థిరపడింది. రైలు ప్రయాణం తప్పుతుంది, నిజమే. అయితే సొంత కళాశాలలో ఉండి పరీక్ష చేస్తున్న ప్రొఫెసర్‌ను ఆ రోజు ఎవరూ సెలవులో ఉన్నట్టు భావించరు. ఓపీ నుంచి ఫోన్ వస్తుంది, వార్డు నుంచి పీజీ విద్యార్థి తలుపు తడతాడు, ఏదో సంతకం కోసం గుమాస్తా నిలబడతాడు. అందువల్ల ఆన్‌లైన్ పరీక్షకుడికి కూడా ఆ రోజంతా ఇతర విధుల నుంచి రాతపూర్వకంగా మినహాయింపు ఇప్పించడం నిర్వాహకుల మొదటి బాధ్యత.

సమయం విషయంలో మనిషికి 12 నిమిషాల బదులు 15 వేసుకోవాలి. "వినబడుతోందా సార్?" అన్న మాటతోనే ప్రతి వైవా మొదలవుతుంది. మాట ఒక క్షణం ఆలస్యంగా చేరడం వల్ల ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఆగి, మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది. ఆ జాప్యాన్ని విద్యార్థి తడబాటుగా పొరబడకుండా ఉండడానికే పరీక్షకుడు అదనపు శ్రద్ధ పెట్టాలి. ఈ లెక్కన 30 మందికి ఏడున్నర గంటలు తెర ముందే గడుస్తాయి కాబట్టి ఆన్‌లైన్‌లో రోజుకు 20 మందిని దాటకపోవడం మంచిది. అప్పుడది అయిదు గంటల పని.

విద్యార్థి గుర్తింపు సరిచూడడం కేంద్రంలో ఉన్న ట్యూటర్ పని. ఎక్స్‌రేలు, ఈసీజీలు ఒకే ఫైలులో అంకెల వారీగా పెట్టి, తెర మీద చూపించే బాధ్యత వేరొకరికి అప్పగించాలి. మార్కుల పత్రం అదే తెర మీద కాకుండా అచ్చువేసిన కాగితం మీద ఉంటే పరీక్షకుడి చూపు విద్యార్థి ముఖం నుంచి పదే పదే చెదరదు. గంటల తరబడి తన ముఖాన్నే తాను చూసుకోవడం కూడా అలసటే కనుక, జూమ్ వంటి వాటిలో సొంత చిత్రం కనబడకుండా దాచుకునే సదుపాయాన్ని వాడుకోవాలి. లైన్ తెగితే ఎన్ని నిమిషాలు ఆగాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నది ముందురోజు కలిపి చూసేటప్పుడే తేల్చుకోవాలి.

రోగిని తాకి చూపించవలసిన నైపుణ్యాలను మాత్రం పూర్తిగా ఆన్‌లైన్‌లో పరీక్షించడం సరికాదని నా దృఢమైన అభిప్రాయం. ప్లీహం తగులుతోందో లేదో కెమెరా చెప్పలేదు. రోగి పక్కన ఒక పరీక్షకుడు తప్పక ఉండాలి.

5. మార్కులు అప్పటికప్పుడు, విడివిడిగా వేయాలి

ఇద్దరు పరీక్షకులూ వేర్వేరు పత్రాల మీద, తరువాతి విద్యార్థి లోపలికి రాకముందే మార్కులు వేసేయాలి. సాయంత్రం కూర్చుని ముప్ఫై ముఖాలు గుర్తుచేసుకుంటూ వేసే మార్కులు ఎవరికీ న్యాయం చేయవు. ఇద్దరి మధ్య తేడా ముందే అనుకున్న హద్దును దాటినప్పుడే చర్చించుకోవాలి. పత్రాల్లోని మార్కులు కంప్యూటర్‌లోకి ఎక్కించడం, కూడికలు సరిచూడడం గుమాస్తా చేస్తాడు, పరీక్షకులు సరిపోల్చుకుని సంతకం చేస్తే చాలు.

6. తిరుగు ప్రయాణం సంగతి ముందే చూడాలి

బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్‌కు చివరి రోజు సాయంత్రం అయిదింటికి రైలు ఉంటే, మధ్యాహ్నం మూడింటి నుంచి ఆయన చూపు గడియారం మీదే ఉంటుంది. ఆ తొందర చివరి పదిమంది మీద పడుతుంది. ఆహ్వాన పత్రంలోనే టికెట్ మరునాటి ఉదయానికి తీసుకోవాలని కోరి, ఆ రాత్రికి అతిథి గృహంలో గది ఉంచాలి.