తిట్టులోని స్తుతిని చదవడం ఎలా?

ఒక రచనలోని స్వరాన్ని పట్టుకోవాలంటే, మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో అన్నది ముందుగా చూసుకోవాలి. అలంకారం పేరు ఆ తరువాత వెతకవచ్చు. 17వ శతాబ్దిలో గోలకొండ చెరసాలలో ఉన్న కంచర్ల గోపన్న, అంటే భద్రాచల రామదాసు, పాడినట్టు చెప్పే ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనను తీసుకోండి. సీతమ్మకు చేయించిన చింతాకు పతకానికి పదివేల వరహాలు పట్టాయని లెక్క చెబుతూ, ‘ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు’ అని ఆయన రాముణ్ణే నిలదీస్తాడు. (చింతాకు పతకం ఇక్కడ ఉపమానం కాదు, అసలైన నగ, కనబడిన ప్రతి మాటకూ అలంకారం అంటగట్టకూడదు.) పైకి తిట్టుగా, లోపల చనువుగా సాగే ఈ పద్ధతిని నిందాస్తుతి అంటారు.

అయితే ఆ చనువుకు సాక్ష్యం మన ఊహలో కాక రచనలోనే దొరకాలి. నిందించిన ప్రతిసారీ ‘రామచంద్రా’ అన్న పిలుపు తిరిగి వస్తుంది. చివరికి వచ్చేసరికి, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని, అందుకు ఆయాసపడవద్దని భక్తుడు బతిమాలుకుంటాడు. స్వరం మారిన ఆ చోట పెన్సిలుతో గీత గీసి, మొదటి చరణాలను మళ్ళీ పైకి చదవండి. మొదట కటువుగా తోచిన ప్రశ్నలే ఈసారి ఇంటివాడి నిష్ఠూరంలా వినిపిస్తాయి.