బొమ్మల అర, 4వ పాఠం: పెట్టెకి మీ బాకీ గుర్తుండదు

బొమ్మలు సేకరించాలనుకునేవాళ్లకి పోయిన పాఠంలో "నచ్చిన సిరీస్ ఒకటి పట్టుకుని మొదలుపెట్టండి" అని రాసి ఊరుకున్నాను. తప్పు నాదే, ఎక్కడ ఆపాలో చెప్పలేదు. "తొమ్మిది బ్లైండ్ బాక్సులు (విప్పేదాకా లోపల ఏ బొమ్మ ఉందో తెలియని పెట్టెలు) కొన్నానండీ, అందులో నాలుగు ఒకటే బొమ్మ" అని ఒకాయన ఆ నాలుగింటినీ వరసగా నిలబెట్టి ఫొటో పంపారు. మిగతావాళ్ల గోడూ ఇంచుమించు అదే.

కాబట్టి ఈసారి చెబుదామనుకున్న సైజుల సంగతి ఒక్క ముక్కలో కానిచ్చేస్తాను. బేర్‌బ్రిక్ అనే ఎలుగుబంటి బొమ్మల్లో 100% అంటే 7 సెంటీమీటర్ల ఎత్తు, 400% అంటే 28. నకిలీల గురించి మీకు తెలిసిందే, పళ్లికిలించే రాక్షసి బొమ్మ లబూబూకి పళ్లు 9 ఉండాలి, లెక్కపెట్టుకోండి.

ఇక అసలు తంటా. సిరీస్‌లో 12 బొమ్మలున్నాయి కదా, 12 పెట్టెలు కొంటే సెట్ అయిపోతుందనుకుంటారు. విడి పెట్టెలు ఒక్కోటీ తెచ్చుకుంటూ పోతే సెట్ పూర్తవడానికి సగటున 37 కావాలి. మొదటి ఆరు రకాలు సగటున ఎనిమిది పెట్టెల్లోనే వచ్చేస్తాయి, మనకి ఆశ పుట్టేది అక్కడే. ఆఖరి బొమ్మ ఒక్కటే సగటున 12 పెట్టెలు మింగుతుంది.

సీక్రెట్, అంటే ఆ 12 కాక అరుదుగా దాచిపెట్టే బొమ్మ, ఇంకా ఘోరం. 144లో ఒకటి అని పెట్టె మీద రాసి ఉంటే, 144 కొన్నవాడికి తప్పక వస్తుందని కాదు. 144 విడి పెట్టెలు కొన్న వందమందిలో దాదాపు 37 మంది ఉత్త చేతులతోనే మిగులుతారు. "ఇన్నిసార్లు రాలేదు, ఈసారి వస్తుంది" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మీరు ఇదివరకు ఎన్ని విప్పారో కొత్త పెట్టెకేం తెలుసు?

నా అడ్డదారి చెబుతాను. సెట్టంతా కావాలంటే సీల్ తియ్యని కేస్ (12 పెట్టెలు కలిసి వచ్చే పెద్ద పెట్టె) కొనండి, మామూలుగా అందులో 12 రకాలూ ఉంటాయి. ఒక్క బొమ్మే కావాలంటే ఎవరో విప్పి అమ్ముతున్నది నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి తీసుకోండి. విప్పే సరదా పోతుందంటారా, పోనివ్వండి.

మరి ఏ బొమ్మ? సిరీస్‌ని కాదు, బొమ్మలో ఒక్క గుర్తుని పట్టుకోండి. చిత్రకారుడు కాసింగ్ లంగ్ 2015లో గీసిన రాక్షసుల గుంపులో అందరూ లబూబూ వెంట పడతారు. నాకు తోక కావాలి, అందుకే నా అరలో ఆ గుంపులోనే తోకున్న జిమోమోలే ఉన్నాయి. లబూబూకి తోక లేదు, దాంతో నా డబ్బులు చాలా మిగిలాయి. బొమ్మల రూపకర్త కెన్నీ వాంగ్ చేసిన మోలీ ఉందిగా, మూతి ముడుచుకున్న పిల్ల? సిరీస్ మారినప్పుడల్లా కొత్త వేషం, మూతి మాత్రం అదే. వేషాలు నచ్చితే కొనడానికి అంతుండదు, మూతి నచ్చితే ఒక్క మోలీ చాలు.

సంక్రాంతి కొలువులో ఏటా ఒక్క కొత్త బొమ్మే పెట్టేది మా అమ్మ. నేను మూడు నెలలకొకటి కొంటాను, ఆవిడంత నిగ్రహం నాకు లేదు.

అభ్యాసం: 12 చీటీల మీద అంకెలు రాసి ఖాళీ పచ్చడి సీసాలో వెయ్యండి. ఒకటి తీసి, అంకె రాసుకుని, మళ్లీ లోపల వేసి కుదపండి. పన్నెండూ కనిపించేదాకా తీస్తూనే ఉండండి. ఇలా పదిసార్లు. ఒక్కోసారి ఎన్ని తీతలు పట్టాయో రాసి, సగటు కట్టి, పెట్టె ధరతో హెచ్చించండి. ఆ మొత్తం చీటీ మీద రాసి మీ బొమ్మల అరకి అంటించాకే 5వ పాఠం తెరవండి.