జొటెరో పీడీఎఫ్‌లు మన ఫోల్డర్‌లోకి
థీసిస్ సగంలో ఉండగానే పరిశోధన వ్యాసాలు దాచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ ఆన్‌లైన్ స్టోరేజీ నాకు నిండిపోయింది. అప్పుడే పీడీఎఫ్‌లను మనం చూపించిన ఫోల్డర్‌లోకి మార్చే జాట్‌మూవ్ ప్లగిన్ పెట్టుకున్నాను. ఇదే పని చేసే పాత ప్లగిన్ జాట్‌ఫైల్ జొటెరో 7లో పనిచేయదు, దానికోసం వెతక్కండి.

ముందు జొటెరో డేటా ఫోల్డర్ బ్యాకప్ తీసుకోండి, ఇది మాత్రం వదలొద్దు. ప్లగిన్ ఇన్‌స్టాల్ చేయడానికి వాడే ఎక్స్‌పీఐ (.xpi) ఫైలును దించుకోండి. ఫైర్‌ఫాక్స్‌లోనైతే లింకు మీద రైట్ క్లిక్ చేసి సేవ్ చేయాలి, లేకపోతే బ్రౌజర్ దాన్ని తనలోనే ఇన్‌స్టాల్ చేయబోతుంది. జొటెరో టూల్స్‌లో ప్లగిన్స్ తెరిచి, గేర్ గుర్తు నొక్కి ఆ ఫైలు ఎంచుకోండి.

సెట్టింగ్స్‌లో జాట్‌మూవ్‌కు మీ క్లౌడ్ ఫోల్డర్ చూపించండి. అదే ఫోల్డర్‌ను లింక్డ్ అటాచ్‌మెంట్ బేస్ డైరెక్టరీగానూ (బయట ఉన్న పీడీఎఫ్‌ల కోసం జొటెరో చూసే మూల ఫోల్డర్) పెట్టండి, రెండు కంప్యూటర్లు వాడితే రెండింటిలోనూ. నేను ఇది మర్చిపోయాను. రెండో కంప్యూటర్‌లో ఒక్క పీడీఎఫ్ కూడా తెరుచుకోలేదు, ఎంత టెన్షన్ పడ్డానో! మొదట రెండు మూడు వ్యాసాలతోనే ప్రయత్నించి చూడండి.