పాత కేసు ఉన్నవాళ్లు వీసాకు వెళ్లే ముందు

భూతగాదా, 498-ఏ (భార్యను వేధించారన్న కేసు), డ్రంకెన్ డ్రైవ్, ధర్నాలో పెట్టిన కేసు. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కో అమెరికాకో బయల్దేరేవాళ్లకు ఇలాంటిదేదో ఒకటి వెనక ఉండటం మామూలే. వీటిలో చాలావాటితో ప్రయాణం ఆగదు, దాచితే మాత్రం ఆగుతుంది. ఫారంలో 'లేదు' అని టిక్ పెట్టమనే ఏజెంటుకు పోయేదేమీ లేదు. సంతకం మీది.

ముందుగా కేసు ఏ దశలో ఉందో చూసుకోండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో జిల్లా, కోర్టు ఎంచుకుని పేరుతో వెతకొచ్చు. ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు తెలిస్తే ఇంకా తేలిక. 'డిస్పోజ్డ్' అని కనిపించగానే ఊపిరి పీల్చుకోకండి. కేసు ఎలా ముగిసిందన్నదే అసలు సంగతి: కొట్టేశారా, లోక్ అదాలత్‌లో రాజీ అయిందా, నేరం ఒప్పుకుని జరిమానా కట్టారా?

ఎక్కువమంది బోల్తా పడేది ఈ జరిమానా దగ్గరే. హన్మకొండలో రాత్రి తాగి నడుపుతూ తనిఖీలో దొరికి, మర్నాడు మేజిస్ట్రేట్ ముందు ఒప్పుకుని డబ్బు కట్టి వచ్చినవాళ్లు దాన్ని చలానాలాగే చూస్తారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద అది శిక్ష పడిన నేరం. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, రూ.10,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. హెల్మెట్ లేదని ఫోన్‌కు వచ్చే ఈ-చలానా వేరు, దాన్ని మామూలుగా నేరచరిత్ర కింద రాయక్కర్లేదు.

తర్వాతి పని కాగితాలు. తీర్పు వచ్చిన కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. జిరాక్సుకు విలువ లేదు. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, తీర్పు, జరిమానా రసీదు అన్నీ ఒక సెట్‌గా ఉంచి, తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిష్ అనువాదం చేయించండి. కేసు మరీ పాతదై రికార్డు తీసేసి ఉంటే, ఆ మాటే రాసి ఇవ్వమని కోర్టును అడగండి. కొట్టేసిన తీర్పు కాపీ ఒకటి పోలీస్ స్టేషన్‌లోనూ ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడి రికార్డులో కేసు ఇంకా నడుస్తున్నట్టే మిగిలిపోతే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ (మీ మీద కేసుల్లేవని ఇచ్చే పత్రం) దగ్గర ఇరుక్కుంటారు.

కేసు ఇంకా నడుస్తుంటే దారి వేరు. ఎఫ్ఐఆర్ ఒక్కటే ఉండి, చార్జిషీటును కోర్టు విచారణకు తీసుకోకపోతే అది కోర్టులో పెండింగ్ కేసు కింద లెక్క కాదు. తీసుకుంటే మాత్రం అదే కోర్టులో లాయరు ద్వారా పాస్‌పోర్టుకు అనుమతి అడగాలి. పాస్‌పోర్టు ఎన్నేళ్లకు ఇవ్వాలో ఆర్డరులో స్పష్టంగా రాయించుకోండి. కేంద్ర విదేశాంగ శాఖ 1993 నాటి నోటిఫికేషన్ ప్రకారం, కోర్టు కాలం ఏమీ చెప్పకపోతే ఏడాదికే ఇస్తారు. చాలా దేశాలు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి కాబట్టి ఆ పాస్‌పోర్టు సగం కాలానికే పనికిరాకుండా పోతుంది.

పాస్‌పోర్టుకు అనుమతి వచ్చినంత మాత్రాన దేశం దాటొచ్చని కాదు. బెయిలు షరతుల్లో 'అనుమతి లేకుండా దేశం విడవరాదు' అని ఉంటే దానికి వేరే పిటిషన్ వేయాలి. ఏ దేశం, ఏ తేదీలు, అక్కడి చిరునామా, తిరుగు టికెట్ అందులో రాయాలి. వాయిదాలకు మీ బదులు లాయరు హాజరవడానికి బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 355 కింద అనుమతి కూడా అప్పుడే అడగండి.

ఇక దేశాల సంగతి. అమెరికా వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారం శిక్ష ఒక్కటే కాదు, అరెస్టు కూడా అడుగుతుంది. కాబట్టి కొట్టేసిన కేసులోనైనా అరెస్టయి ఉంటే 'అవును' అనే రాయాలి. గత ఐదేళ్లలో డ్రంకెన్ డ్రైవ్ అరెస్టు ఉంటే వైద్య పరీక్షకు పంపుతారు. అబద్ధం చెప్పి దొరికితే అమెరికా ప్రవేశానికి శాశ్వత నిషేధం, బ్రిటన్‌లో 10 ఏళ్లు, కెనడాలో 5 ఏళ్లు. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 12 నెలలు, అంతకు మించిన జైలు శిక్ష పెద్ద అడ్డంకి. కెనడా 2018 డిసెంబరు నుంచి తాగి బండి నడపడాన్ని తీవ్ర నేరాల్లో చేర్చింది. శిక్ష పూర్తయిన ఐదేళ్లకు, పాత నేరం వల్ల వచ్చిన అడ్డు తీసేయమని అక్కడ రిహాబిలిటేషన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. సౌదీ వీసాకు భారతీయులు పోలీస్ క్లియరెన్స్ ఇవ్వాలన్న నిబంధనను 2022 నవంబరులో తీసేశారు. వేరేచోట అది అడిగితే, పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో రూ.500 కట్టి దానికి అప్లై చేసుకోవచ్చు.

పాస్‌పోర్టు, వీసా చేతిలో ఉన్నా శంషాబాద్‌లో ఆపేసేది లుకౌట్ సర్క్యులర్, అంటే ఫలానా మనిషిని దేశం దాటనివ్వొద్దని ఇమిగ్రేషన్‌కు ఇచ్చే నోటీసు. భర్త విదేశంలో ఉన్న 498-ఏ కేసుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. కేసు రాజీ అయినంత మాత్రాన అది రద్దు కాదు. పెట్టమని కోరిన పోలీసు అధికారే తీసేయమని ఇమిగ్రేషన్‌కు రాయాలి, లేదా కోర్టు రద్దు చేయాలి. తీర్పు కాపీ జత చేసి దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి, తీసేసినట్టు తేలాకే టికెట్ కొనండి. విమానాశ్రయానికి వెళ్లేటప్పుడు సర్టిఫైడ్ కాపీలు చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో పెట్టుకోండి.